మొర్రితో పుట్టిన బిడ్డ: ఎవరి పాపము?

ధ్యానభాగము: యోహాను 9:1–7; కీర్తన 139:13–16



మన ఐరాల ప్రాంతపు పల్లెలలో పై పెదవి చీలి బిడ్డ పుట్టినయెడల, ఆ చీలికకు పెట్టిన పేరే తీర్పు చెప్పుచున్నది. గ్రహణపు మొర్రి అందురు. గ్రహణమునాడు తల్లి బయటికి వచ్చినదనియు, కత్తిపీట ముట్టినదనియు ఇరుగుపొరుగువారు లెక్క తీయుదురు. ప్రభువు నెరిగిన ఇండ్లలో ఆ మాట తగ్గినను, “ఆ యింటిలో ఏదో దాగిన పాపమున్నది” అను మరియొక మాట దాని స్థానమున కూర్చుండును. బిడ్డ పుట్టుకలోని లోపమునకు ఒకరిని దోషిగా నిలువబెట్టు అధికారము మనకు కలదా?

ముందుగా గర్భములో జరుగు పనిని చూతము. ముఖము ఒకేసారి పోతపోసినట్లు ఏర్పడదు. కొన్ని భాగములు వేర్వేరుగా పెరిగి, ఎదురెదురుగా వచ్చి కలియును. పై పెదవి సుమారు 6, 7 వారములకు కలియును. ఆ వేళకు తాను గర్భవతినని తల్లికే సరిగా తెలియకపోవచ్చును. అంగిలి రెండు పలకలుగా నాలుకకు ఇరుప్రక్కల వ్రేలాడుచుండి, తరువాత పైకి లేచి, మధ్యను తాకుకొని, 12వ వారమునాటికి ఒక్కటగును.

ఈ పలకల అంచున పైపొర యున్నది. అందలి జీవకణములు క్యాడ్‌హెరిను అను మాంసకృత్తులచేత, చేయి చేయి పట్టుకొన్నట్లు, ఒకదానినొకటి పట్టుకొనియుండును. ఆ పట్టు లేనిదే పొర నిలువదు. అయితే పట్టు సడలనిచో, పలకలు తాకుకొన్నను నడుమ గోడ మిగులును. కావున తగిన వేళకు ఒక వార్త రావలెను. ఆ వార్తను తెచ్చు మాంసకృత్తులలో టి.జి.ఎఫ్. బీటా-3 ముఖ్యమైనది. అది అందగా అంచులోని కణములు ఎదుటి అంచునకు అంటుకొని, పిమ్మట తమ పట్టు విడుచును, కొన్ని చనిపోవును, నడిమి గోడ తొలగి లోపలి కండ ఏకమగును. 1995లో శాస్త్రజ్ఞులు ఈ మాంసకృత్తు లేని చుంచెలుకలను పెంచి చూడగా, వాటి పిల్లలు అంగిలి చీలికతో పుట్టెను. ఐ.ఆర్.ఎఫ్.-6 అను జన్యువులోని మార్పువలన కొన్ని కుటుంబములలో మొర్రి తరతరములు వచ్చుచున్నదని 2002లో తేలెను.

ప్రపంచమందు సుమారు 700 మొదలు 1,000 జననములకు ఒక బిడ్డ ఈలాగు పుట్టుచున్నది. వంశము, పొగాకు, కొన్ని మందులు మొదలగునవి పలువిధముల కలిసి కారణమగును. చాలమంది విషయములో ఇదియే కారణమని వ్రేలు చూపుటకు వీలులేదు. గ్రహణము కనబడని దేశములలోను, ఏండ్లలోను ఇట్టి బిడ్డలు పుట్టుచునే యున్నారు.

అయితే దేవుడే గర్భములో మనలను నిర్మించెనని కీర్తనకారుడు చెప్పగా, ఈ చీలికయు ఆయన పనియేనా అని ఒక తల్లి కన్నీటితో అడుగవచ్చును. ఆ ప్రశ్నను త్రోసివేయరాదు. ఆ కీర్తన ఎల్ల దేహములు ఒకే తీరున నుండునని చెప్పలేదు. రూపమేర్పడకమునుపే ఆ బిడ్డ దేవుని కన్నుల యెదుట నున్నదని చెప్పుచున్నది. పుట్టు గ్రుడ్డివానిని చూచి, పాపము వానిదా, తలిదండ్రులదా అని శిష్యులడిగినప్పుడు ప్రభువు ఆ రెంటిని కాదనెను. కారణములను గూర్చి దీర్ఘోపన్యాసము చేయలేదు. వంగి, బురద చేసి, వాని కన్నులకు పూసెను. శిష్యులు వెనుకకు చూచి దోషిని వెదకుచుండగా, ఆయన ఎదుటనున్న మనుష్యుని చూచెను.

మన పనియు అదియే. అంగిలి చీలిన బిడ్డ రొమ్ము చక్కగా కుడువలేదు. పాలు ముక్కునుండి వచ్చును. తల్లిపాలు పిండి, బిడ్డను నిటారుగా పట్టుకొని, ఉగ్గుగిన్నెతో కొంచెము కొంచెముగా పోయవలెను. పెదవిని సాధారణముగా 3 మొదలు 6 నెలలలోపు, అంగిలిని 9 మొదలు 18 నెలలలోపు కుట్టుదురు. ఆలస్యమైనచో మాట ముక్కుతో వచ్చును. చెవిపోటు, చీము కలుగును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో ఈ చీలికలును చేరియున్నవి; అంగన్‌వాడీలో అడుగవచ్చును. చిత్తూరు దాటినచో వేలూరు కలదు. 1900లో ఐడా స్కడ్డరమ్మ ఒక్క మంచముతో మొదలుపెట్టిన వైద్యము అక్కడ నేడు గొప్ప ఆసుపత్రియై నిలిచియున్నది.

జీవకణములకు మనస్సు లేదు. వాటికి పుణ్యపాపములు అంటగట్టనక్కరలేదు. అయినను ఒక సంగతి మన యెదుట నున్నది: ప్రక్కప్రక్కన తాకియున్నంత మాత్రమున రెండు ఒక్కటి కావు. గుడిలో ఒకే చాపపై కూర్చుండి, ఆ తల్లిని గూర్చి గుసగుసలాడువారమైతే నడిమి గోడ మనలోనే యున్నది. ఎఫెసీ 2:14లో క్రీస్తు పడగొట్టిన గోడను గూర్చి చదువుదుము గదా. మన నాలుకతో మరల దానిని కట్టుదుమా?

అట్టి బిడ్డ మీ ఊర పుట్టినచో, ఆ వారమే ఇద్దరు స్త్రీలు ఆ యింటికి వెళ్లుడి. ఎందుకిట్లు జరిగెనని అడుగకుడి. బిడ్డనెత్తుకొని, పేరు పెట్టి పిలిచి, తల్లికి పాలు పట్టించు విధము చూపుడి. సంఘము బస్సు ఖర్చు పోగుచేసి ఆసుపత్రికి తోడు పంపవలెను. బిడ్డ పెదవి కుట్టుట వైద్యుని పని; తల్లి తల ఎత్తునట్లు చేయుట మన పని.

ప్రభువా, దోషిని వెదకు మా కన్నులను తిప్పి, నీవు చూచినవారిని చూడనిమ్ము. ఆమేన్.