ఆశ్రిత శునకం, ద్వీపాంతర ప్రయాణం

ఇంట పెరిగిన కుక్కను వెంటబెట్టుకొని సముద్రం దాటి కాపురం మార్చడం ధర్మమా, దానిని స్వస్థలంలో మరొకరికి అప్పగించి వెళ్లడం ధర్మమా అన్న ప్రశ్న నేటి ఉద్యోగ జీవితంలో తరచుగా ఎదురవుతున్నదే అయినా, దానిని ఖర్చుకూ సౌకర్యానికీ సంబంధించిన చిక్కుగానే లెక్కిస్తారు గాని ధర్మమీమాంసకు, అనగా చేయదగినదేదో చేయరానిదేదో తర్కించి తేల్చే విచారణకు, తగిన విషయంగా భావించరు. అండమాన్ నికోబార్ దీవులు ఈ ప్రశ్నను పరిశీలించడానికి ఎంతో అనువైన చోటు. విశాఖపట్నానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో, నౌకపై రెండున్నర రోజుల ప్రయాణంలో ఉన్న ఈ దీవులు మన దేశంలో భాగమే గనుక అక్కడికి వెళ్లేవారికి పాస్‌పోర్టు అక్కరలేదు. కాని మనిషికీ మృగానికీ మధ్య నున్న బాధ్యతల విషయంలో అవి నిజంగా పరదేశమే. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష; శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరతరాలుగా తరలిపోయిన కుటుంబాలతో పాటు, బదిలీల మీద వచ్చి కొన్నేళ్లుండి వెళ్లిపోయే ఉద్యోగులూ అందులో ఉన్నారు.

సముద్ర ప్రయాణాన్ని మన ధర్మసూత్రాలు సులభంగా అంగీకరించలేదు. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనహేతువులలో, అంటే మనిషిని తన సమాజం నుంచి దిగజార్చే కర్మలలో, చేర్చింది. అదే గ్రంథం మరొకచోట ఉత్తరదేశీయుల ఆచారాలను పేర్కొంటూ ఉన్ని అమ్మకంతోనూ ఆయుధవృత్తితోనూ పాటు సముద్రయానాన్ని కూడా చెప్పడం చూస్తే, నిషేధం ఉన్న కాలంలోనే ఉల్లంఘన కూడా బాగా సాగిందని తెలుస్తుంది. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్‌లో, అనగా 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిన పట్టణంలో, ఖైదీల వలసను నెలకొల్పినప్పుడు ఈ పాత భయమే శిక్షకు తోడై ‘కాలాపానీ’ అన్న పేరును అంత భయంకరం చేసింది. నేడు స్థితి తారుమారైంది. మనిషి ఏ ప్రాయశ్చిత్తమూ లేకుండా సముద్రం దాటుతున్నాడు. టీకా పత్రమూ ఆరోగ్య ధ్రువీకరణమూ చూపి తన శుద్ధిని రుజువు చేసుకోవలసిన భారం కుక్క మీద పడింది.

కుక్కను వెంట తీసుకుపోవడం గురించి భారతీయ సాహిత్యంలోని ప్రమాణం మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వం. తెలుగులో దానిని తిక్కన రచించాడు. పాండవులైదుగురూ ద్రౌపదీ హస్తినాపురం విడిచి బయలుదేరినప్పుడు ఒక కుక్క ఏడవదిగా వారి వెంట నడిచింది. వారు తూర్పున సముద్రతీరానికీ, అక్కడి నుంచి దక్షిణానికీ, పిదప పడమరన నీట మునిగిన ద్వారకను చూసి ఉత్తరానికీ తిరిగారు గనుక ఆ కుక్క భూమిని చుట్టివచ్చిందనే చెప్పాలి, అయితే సముద్రాన్ని మాత్రం దాటలేదు. ద్రౌపది మొదలు భీముని వరకు ఒక్కొక్కరే కూలిపోగా చివరికి ధర్మరాజూ కుక్కా మిగిలినప్పుడు ఇంద్రుడు రథంతో వచ్చి అతనిని ఎక్కమన్నాడు, కుక్కను విడువమన్నాడు. ఇంద్రుని వాదం కేవలం ఏవగింపు కాదు, దానికొక శాస్త్రరూపం ఉంది: కుక్కలు గలవారికి స్వర్గంలో చోటు లేదు, యజ్ఞదానాల వల్ల కలిగిన పుణ్యాన్ని క్రోధవశులనే రాక్షసులు హరిస్తారు. అనగా పవిత్రస్థలానికి ఒక ప్రవేశ నియమం ఉన్నదనీ, ఎంతటివాడైనా దానికి లోబడవలసిందేననీ తాత్పర్యం. దీనికి ధర్మరాజు ఇచ్చిన సమాధానంలో శరణాగతుని అప్పగించడం, స్త్రీవధ, బ్రాహ్మణధన హరణం, మిత్రద్రోహం అనే నాలుగు పాపాలకు భక్తుని విడిచిపెట్టడమనే ఒక్క పాపం సమానమవుతుంది. తమ్ములనూ భార్యనూ దారిలో విడిచావు కదా అని ఇంద్రుడు ఎత్తిపొడిచినప్పుడు, మరణించినవారితో సంధీ విగ్రహమూ, అంటే పొత్తూ పోరూ, ఉండవని, బతికి వెంటవస్తున్నదానిని విడవడమే త్యాగదోషమని అతడు సూక్ష్మంగా వేరుచేశాడు.

ఈ సందర్భంలో భారతం వాడిన గుణనామం ఆనృశంస్యం, అంటే క్రూరత్వం లేకపోవడం. అరణ్యపర్వంలోని యక్షప్రశ్నలలో పరమధర్మమేదని అడిగినప్పుడు కూడా ధర్మరాజు ఇదే గుణాన్ని చెప్పాడు. అహింస సకల ప్రాణులకూ వర్తించే నియమం కాగా, ఆనృశంస్యం ముఖ్యంగా పరిచయం వల్ల, సహవాసం వల్ల, ఆశ్రయం వల్ల ఏర్పడే బంధం నుంచి పుట్టేది. అనుశాసన పర్వంలో వేటగాని విషబాణం తగిలి ఎండిపోయిన చెట్టును విడిచిపెట్టని చిలుక కథ దీనికి ఉత్తమ దృష్టాంతం: అడవిలో పచ్చని చెట్లు ఎన్నో ఉండగా ఈ మోడును ఎందుకు పట్టుకున్నావని ఇంద్రుడు అడిగితే, తాను పుట్టి పెరిగి రక్షణ పొందిన చెట్టును దాని చెడ్డరోజుల్లో విడువలేనన్నది చిలుక ఇచ్చిన జవాబు. ఇంట పెరిగిన కుక్క విషయంలో కర్తవ్యం దయ వల్ల గాక ఇటువంటి రుణం వల్ల పుడుతుందని గ్రహించాలి. దయ అయితే వీధికుక్కకూ ఇంటికుక్కకూ సమానంగానే చెందాలి. రుణం మాత్రం వెంట నడిచినదానికే.

ఇస్లాం సంప్రదాయంలో కుక్క లాలాజలాన్ని అశుచిగా ఎంచే ధర్మశాస్త్ర శాఖలున్నప్పటికీ, ఖురాన్‌లోని కహఫ్ అధ్యాయం విశ్వాసం కాపాడుకోవడానికి ఊరు విడిచి గుహలో తలదాచుకున్న యువకులను వర్ణించేటప్పుడు గుహద్వారం వద్ద ముంగాళ్లు చాచి పడుకున్న వారి కుక్కను కూడా స్మరించడం గమనార్హం. ప్రవాసులను లెక్కపెట్టేటప్పుడు కుక్కను కూడా కలిపి లెక్కపెట్టిన గ్రంథమది. మహాప్రస్థాన కథకు ఇంత దగ్గరగా వచ్చే మరొక ఘట్టం అరుదు.

ఇంతవరకు ప్రశ్నలో పక్షాలు రెండే: యజమాని, కుక్క. సామాన్యంగా చర్చ ఇక్కడే ఆగిపోతుంది, తీసుకువెళ్లినవాడు ధర్మాత్ముడు, విడిచినవాడు కఠినుడు అన్న తీర్పుతో ముగుస్తుంది. అండమాన్ ఈ తీర్పును అంత తేలికగా ఒప్పుకోనివ్వదు, ఎందుకంటే అక్కడ మూడవ పక్షం ఒకటుంది, అది ఆ దీవి. అండమాన్ ఆదివాసులకు 1858 నాటి వలసకు ముందు కుక్క అంటే తెలియదు. వలసతో వచ్చిన కుక్కలను వారు త్వరలోనే చేరదీశారు. విల్లంబులతో నక్కి నక్కి సాగించే అడవిపంది వేట కుక్కల తోడుతో సులువైపోయి వేట పద్ధతే మారిపోయింది. అంతకుముందు కుక్కజాతి అడుగు పడని ఇసుకతీరాలలో తోలుతాబేలు, ఆలివ్ రిడ్లీ, పచ్చతాబేలు, గద్దముక్కు తాబేలు అనే నాలుగు జాతుల సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. తల్లి రాత్రివేళ ఒడ్డుకెక్కి వెనుక కాళ్లతో గుంట తవ్వి, నూరు గుడ్ల వరకు పెట్టి, ఇసుకతో కప్పి, తిరిగి చూడకుండా సముద్రంలోకి పోతుంది. రెండు నెలల పాటు ఆ గుడ్లకు కాపలా ఇసుక ఒక్కటే. వాసన పట్టగల జంతువు ఆ పైపొరను ముంగాళ్లతో నాలుగుసార్లు గీకితే చాలు. నేడు ఆ తీరాలలో గూళ్లను పాడుచేస్తున్న ముఖ్యశత్రువులలో మనుషులు విడిచిపెట్టగా అడవిపాలైన కుక్కల సంతతి ఒకటి. అవి ఏ పాపమూ ఎరుగవు. ఆకలితో తవ్వుతాయి, అంతే.

రెండవ విషయం మరింత గంభీరమైనది. రేబిస్, అనగా పిచ్చికుక్క కాటు వల్ల సోకి, లక్షణాలు బయటపడిన తరువాత దాదాపు ఎవరినీ బతకనివ్వని వ్యాధి, భారతదేశమంతటా ఉన్నా అండమాన్ నికోబార్, లక్షద్వీపాలలో లేదని వైద్యశాస్త్రం చాలాకాలంగా చెబుతూ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ప్రపంచ రేబిస్ మరణాలలో మూడవ వంతుకు పైగా మన దేశంలోనివే కాగా, ఈ దీవులకు ఆ భయం లేకపోవడానికి కారణం చుట్టూ ఉన్న సముద్రమే. ఈ వ్యాధి శరీరంలో ప్రవేశించి బయటపడడానికి సాధారణంగా రెండు మూడు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏడాది కూడా పట్టవచ్చు గనుక, ఓడ ఎక్కేనాడు హుషారుగా తోక ఊపిన కుక్క నిర్దోషి అని కళ్లతో చూసి చెప్పడం అసాధ్యం. ఐరోపా సమాఖ్య మన దేశపు కుక్కల రక్తంలో టీకా ఫలించినట్టు మిల్లీలీటరుకు 0.5 యూనిట్ల రుజువు కోరి, ఆ పిదప మూడు నెలలు వేచి ఉండమనడానికీ, బ్రిటన్ 2000 సంవత్సరం వరకు ప్రతి కుక్కనూ ఆరు నెలలు నిర్బంధంలో ఉంచడానికీ మూలం ఈ అదృశ్య కాలవ్యవధే. ఈ నియమాలను నిర్దాక్షిణ్యమని నిందించేవారు ఒక దీవికి కూడా ఆనృశంస్యం చెందుతుందని మరచిపోతున్నారు.

ఈ దృష్టితో మహాప్రస్థాన కథను మళ్లీ చదివితే, సాధారణంగా గుర్తించని ఒక అంశం కనబడుతుంది. ధర్మరాజు ఇంద్రుని నియమం తప్పని వాదించలేదు, కుక్కను ఉత్తరీయంలో దాచి రథమెక్కలేదు, దేవతల రాజ్యంలో తన కుక్క కోసం మినహాయింపు సంపాదించిపెట్టమని ఎవరినీ ఆశ్రయించలేదు. తానే స్వర్గాన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. అతని దృష్టిలో నియమానికీ రుణానికీ వైరుధ్యం ఏర్పడినప్పుడు నష్టం కుక్క భరించరాదు, స్వర్గం భరించరాదు, వెళ్లదలచినవాడే భరించాలి. తరువాతి స్వర్గారోహణ పర్వంలో తనవారు నరకంలో ఉన్నారని తెలిసినప్పుడు కూడా అతడు దేవతలను కాదని వారి చెంతనే నిలిచిపోతానన్నాడు. రెండు చోట్లా మూల్యం తన నుంచే చెల్లించాడు. కుక్క మారువేషంలో ఉన్న ధర్మదేవత అని తేలడం కథకు అలంకారం మాత్రమే, ఎందుకంటే ఆ సంగతి తెలియక ముందే నిర్ణయం జరిగిపోయింది.

అయితే ఒక ఆక్షేపం మిగులుతుంది. ధర్మరాజు కుక్క తన ఇష్టంతో నడిచింది. నేటి కుక్కను పెట్టెలో పెట్టి, ఓడ యంత్రాల హోరులో, అలల ఊపులో, అది కోరని చోటికి మోసుకుపోతారు. వృద్ధాప్యంలో ఉన్నదానికీ, గుండెజబ్బు ఉన్నదానికీ ఈ ప్రయాణమే హింస. అటువంటి సందర్భానికి ధర్మశాస్త్రంలోని నిక్షేపమనే వ్యవహారం దారి చూపుతుంది: తన వస్తువును నమ్మదగినవాని వద్ద రక్షణకు ఉంచడం నిక్షేపం, అలా ఉంచినవాడు దానిని త్యజించినవాడు కాడు, పుచ్చుకున్నవాడు దానిని జాగ్రత్తగా కాపాడాలి. కుక్కను అది ఎరిగిన బంధువుకో మిత్రునికో ఇలా అప్పగించి, పోషణకు డబ్బు పంపుతూ యోగక్షేమాలు విచారించడం త్యాగదోషం కాదు. గేటు బయట వదిలి, ఎవరో ఒకరు అన్నం పెడతారులే అనుకోవడం మాత్రం ముమ్మాటికీ అదే. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును వదిలివేయడాన్ని నేరంగానే పరిగణించింది.

హిందూ మహాసముద్రంలోనే మరొక దీవి చరిత్ర దీనికి ఎదురు నిదర్శనంగా నిలుస్తుంది. 1971లో డియేగో గార్సియాను సైనిక స్థావరానికై ఖాళీ చేయించినప్పుడు అక్కడి చాగోస్ ప్రజల పెంపుడు కుక్కలను కొబ్బరి ఎండబెట్టే కొట్టంలోకి తోలి విషవాయువుతో చంపించారు. మనుషులను ఓడలెక్కించి పంపించారు. అధికారం ఒక ప్రజను వెళ్లగొట్టేటప్పుడు ముందు వారి కుక్కలనే చంపిందంటే, ఇల్లూ ఊరూ అనే భావంలో కుక్కకు ఎంత వాటా ఉందో అధికారానికి కూడా తెలుసునన్నమాట.

కనుక అండమాన్‌కు బదిలీ ఆజ్ఞ అందుకున్న గృహస్థుడు వెళ్లేనాటి టికెట్టుతో పాటు తిరిగివచ్చేనాటి టికెట్టును కూడా కుక్క పేరిట మనసులో కొనుక్కొని నిర్ణయించుకోవాలి. టీకాలు సకాలంలో వేయించి, వేచి ఉండవలసిన రోజులు వేచి ఉండి, సంతతి కలగకుండా శస్త్రచికిత్స చేయించి, తీరాలలో గొలుసు విప్పకుండా తిప్పుతూ, మళ్లీ బదిలీ అయిన రోజున దానిని తనతో వెనక్కి తేగలిగినవాడు నిస్సంకోచంగా తీసుకువెళ్లవచ్చు. వీటిలో ఏ ఒక్కటి చేయలేకపోయినా కుక్కను ఓడ ఎక్కించే అధికారం అతనికి లేదు, నిక్షేపంగా ఉంచగల మనిషి దొరకకపోతే ఆ బదిలీని మాన్పించుకోవడమే అతని పని.