మిగిలిన మేత

వాక్యభాగము: యెహెజ్కేలు 34:17-22



మంచి మేత మేసినందుకు దేవుడు ఇక్కడ గొఱ్ఱెలను తప్పుపట్టలేదు. మేయుటకే గదా ఆయన దానిని ఇచ్చినది. మేసిన తరువాత మిగిలినదానిని కాళ్లతో త్రొక్కివేసినందుకు ఆయన తప్పుపట్టెను. వెనుక వచ్చు బక్క గొఱ్ఱెకు నలిగిన గడ్డియు, బురద నీళ్లును మిగిలెను. ఈ భాగము చదివినప్పుడెల్ల మా ఊరి మేత బీడు నా కన్నులయెదుట నిలుచును.

తొలకరి పడి నేలమీద కాస్త పచ్చదనము కనబడగానే ఊరి పశువులన్నియు అక్కడికే పోవును. గడ్డి తన ఆకుతోనే ఆహారము చేసికొని వేరును బలపరచుకొనును. ఎదుగకమునుపే కొరికి, మరల మొలవగానే మరల కొరికినయెడల వేరు కుంగి గడ్డి చచ్చును. గిట్టలక్రింద నేల గట్టిపడి, వాన నీరు ఇంకక పారిపోవును. అప్పుడు పశువు ముట్టని వయ్యారిభామ వచ్చును. సర్కారు తుమ్మయు వచ్చును. దాని కాయలను పశువులే తిని, పేడతో గింజలను బీడంతయు చల్లును. ఇంతలో గట్లు జరుపువారు జరుపుచునే యుందురు. గ్రామపు ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగింపవలెనని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పినది. మా బీడు అంచున గట్టు జరిపినవారిలో మన విశ్వాసులును ఉన్నారు. ఈ మాట వ్రాయుటకు నా చెయ్యి ఆడుటలేదు.

బీడును నిలుపుకొనుట పెద్ద విద్య కాదు. దానిని మూడు నాలుగు భాగములు చేసి, ఒకదానిలో మేపుచు తక్కినవాటిని విడిచిపెట్టవలెను. సగము మేసి సగము మిగిలియుండగానే మందను ముందుకు తోలవలెను. ఏటేట ఒక్కొక్క భాగమును గింజ రాలువరకు మూయవలెను. పాత కాపరులు ఇది ఎరుగుదురు.

గత సంవత్సరము మా పెద్దలు ఒక భాగమును దసరావరకు మూసిరి. నేనును దానిని ప్రసంగములో మెచ్చుకొంటిని. రెండు వారములకు మా సంఘములోని ఒక విధవరాలి ఆవు అక్కడ పట్టుబడెను. జరిమానా వేసిరి. ఆమె నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, పొలమున్నోళ్లకు వామి ఉంది. నాకు బీడే వామి" అనెను. నేను బదులు చెప్పలేకపోతిని. ఆ గడియలో నా గేదె దొడ్డిలో పండుకొని, సంఘస్థులు కానుకగా తెచ్చిన వరిగడ్డిని నెమరువేయుచుండెను.

300 కిలోల ఆవుకు దినమునకు ఎండుమేత లెక్కన ఆరేడు కిలోలు కావలెను. మూడు నెలలకు అది 540 కిలోలకు తక్కువ కాదు. సెంటు భూమి లేని స్త్రీ దానిని ఎక్కడనుండి తెచ్చును? ఏడవ యేట భూమిని బీడు విడువుమను ఆజ్ఞను (నిర్గమకాండము 23:11) మరల చదివితిని. భూమికి విశ్రాంతి ఇచ్చిన ఆ మాటలోనే బీదవారి తిండియు చేర్చబడియున్నది. ఆజ్ఞలో మొదటి సగమునే నేను ప్రసంగించితిని. రెండవ సగమునకు జరిమానా కట్టినది ఆ విధవరాలు.

అబ్రాము, లోతు కలిసి నివసించుటకు ఆ దేశము చాలకపోయినప్పుడు (ఆదికాండము 13) మొదట కోరుకొను హక్కును విడిచినవాడు పెద్దవాడు. మన ఊళ్లలో విడుచువారు ఎప్పుడును చిన్నవారే. బీడు మూయుట మంచిదే, తప్పక మూయుడి. అయితే ఆ మూడు నెలలు పస్తుండవలసినది ఎవరి పశువో ముందుగా అడుగుడి.

ఈ యేడు మా ఊరిలో రెండు మాటలు స్థిరపరచుకొంటిమి. గింజ రాలిన తరువాత మూసిన భాగములో కొడవలితో గడ్డి కోసికొను హక్కు మొదట భూమిలేనివారిది. వామి గలవారు మూయుటకు ముందే దేవాలయము వెనుకనున్న కొట్టములో మోపులు వేయవలెను. మొదటి మోపు నా దొడ్డినుండి పోయెను. నా గేదె అరచెను, పోనిండు. ఇప్పటికి 11 ఇండ్లవారు తెచ్చిరి. తేనివారి పేర్లు ఇక్కడ వ్రాయను. వచ్చే ఆదివారము ఆరాధన కాగానే వారి ఇండ్లకు వెళ్లెదను.