కర్ర చెప్పింది, దారం మింగింది

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసే ఒక పెద్దాయనకి డల్లాస్‌లో మేనల్లుడు ఉన్నాడు. చిన్నప్పుడు వెదురుకర్రకి జీలుగుబెండు కట్టుకుని, కొబ్బరిచిప్పలో ఎర్రలు వేసుకుని, చెరువుగట్టు మీద పొద్దుపుచ్చిన గుంటడే. అమెరికా వెళ్లాక ఆ సరదా కాస్తా పిచ్చిగా ముదిరింది. అక్కడి వాళ్లకి బాస్ అని ఒక చేప ఉంది. నోరు పెద్దది, ఆకలి అంతకంటే పెద్దది. నాచులోనో, మునిగిన చెట్టు మోడు పక్కనో పొంచి ఉండి ఒక్కసారిగా మీదపడుతుంది. మన కొర్రమీను చేసే పనే, జాతి వేరు. డల్లాస్‌కి తూర్పున ఉన్న లేక్ ఫోర్క్ జలాశయం ఈ చేపకి పెట్టింది పేరు. టెక్సాస్ రాష్ట్రపు రికార్డు బాస్ 1992లో అందులోనే పడింది, ఎనిమిది కిలోల పైన తూగింది. శనివారం వస్తే మేనల్లుడి కాపురం ఆ ఒడ్డునే.

ఒక యేడు దసరాలకి వచ్చాడు, విజయనగరం సిరిమాను పండగ కూడా చూసి పోదామని. సూట్‌కేసులతో పాటు ఒక పొడవాటి ప్లాస్టిక్ గొట్టం దిగింది. అందులోంచి ఏడడుగుల కార్బన్ కర్ర తీసి మావయ్య చేతికిచ్చాడు. ధర రూపాయల్లో చెప్పేసరికి అత్త గుండెల మీద చెయ్యి వేసుకుంది.

పెద్దాయన ధర వినిపించుకోలేదు. బాడిశ పక్కన పెట్టి, పంచెకి చేతులు తుడుచుకుని, కర్రని చూపుడువేలి మీద ఆనించి తూకం ఎటు మొగ్గుతుందో చూశాడు. తర్వాత మొదలు చెవి దగ్గర పెట్టుకుని, కొసని మేనల్లుణ్ని గోటితో మీటమన్నాడు. పనస దుంగ కొనేటప్పుడూ ఆయన చేసేది ఇదే. ముందు కొట్టి వినాలి, బేరం తరవాత.

"ఇదేటిరా, అతుకు లేదు?"

"ఒకటే ముక్క మావయ్యా. అతుకుంటే చేతికి తెలిసేది కొంచెం తగ్గుతుందంటారు. గొట్టంలో పెట్టి మోసుకురావడానికి తల ప్రాణం తోకకొచ్చింది."

"ఏకాండి అన్నమాట," అని నవ్వాడు పెద్దాయన. కుండా, దండీ ఒకే దుంగలో తొలిచిన వీణని అక్కడ అలాగే అంటారు. "బాగుంది. పలుకుతాది."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ చెరువుకి వెళ్లారు. వానలు వెనకపట్టాయి గానీ నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పెద్దాయన తూటికాడ పొదల పక్కన వెదురుకర్ర వేసుకుని బెండు చూస్తూ కూర్చున్నాడు. మేనల్లుడు తూము దగ్గర లోతులోకి విసిరాడు. ముందు కోసుగా ఉన్న చిన్న సీసపు గుండు, దాని వెనక కొక్కెం ముల్లు కనపడకుండా గుచ్చిన రబ్బరు పురుగు. బాస్ వేటగాళ్లు దీన్ని టెక్సాస్ రిగ్గు అంటారు. పురుగు అడుగున మట్టి మీద పాకాలి. చేప వచ్చి నోట పెట్టుకుంటే కంటికి ఏమీ కనపడదు, చేతికి మాత్రం చిన్న అదురు తగలాలి. బెండు ఉండదు. చెయ్యే బెండు.

ఎండెక్కేదాకా విసిరాడు. పెద్దాయన బుట్టలో జెల్లలు, ఒక చిన్న కొర్రమీను పడ్డాయి. మేనల్లుడికి ఏమీ పడలేదు. పడకపోతే పోనీ, చేపలు అటు లేవనుకోవచ్చు. కానీ పురుగు బయటికి తీసినప్పుడు దాని తోక లేదు. కొత్తది గుచ్చాడు. అదీ తోక తెగే వచ్చింది. లోపల ఎవరో వచ్చి, కొరికి, చూసి, ఉమ్మేసి పోతున్నారు. చేతికి వార్త లేదు.

"ఈ కర్ర లాభం లేదు మావయ్యా. దీని పైరకం ఇంకోటుంది, ఇంకా సున్నితం. వెళ్లగానే ఆర్డర్ పెడతాను."

పెద్దాయన ఆ తెగిన తోకనే చూస్తూ, "కర్ర నిన్న నా సెవిలో బాగానే పలికింది. పద ఇంటికి," అన్నాడు.

ఇంటి ముందు సందు తిన్నగా, పొడుగ్గా ఉంటుంది. మేనల్లుణ్ని కర్రతో అరుగు మీద కూర్చోబెట్టి, దారం కొస పట్టుకుని సందు చివరిదాకా నడిచాడు పెద్దాయన. "కళ్లు మూసుకో. నాను మీటినప్పుడల్లా ఊఁ అను."

ఆయన గోటితో దారం మీటాడు. అరుగు మీద నిశ్శబ్దం. మళ్లీ మీటాడు. మళ్లీ నిశ్శబ్దమే. కాసేపటికి "ఊఁ" అని వినపడింది. అప్పుడు పెద్దాయన ముక్కు గోక్కుంటున్నాడు. పక్కింటి పిల్లలు పగలబడి నవ్వారు.

వెనక్కి వచ్చి, రెండు బారల దారం వదులు చేయించి, అరచేతికి చుట్టి లాగాడు. జానెడు సాగింది. వదిలితే మళ్లీ ముడుచుకుంది. అది మామూలు నైలాన్. కర్రకీ రీలుకీ ఉన్న డబ్బంతా పోసి, దారం దగ్గరికి వచ్చేసరికి ఏదైతే ఏమిటని చుట్టేసుకున్నాడు అల్లుడుగారు.

"నువ్వయినా సెప్పు. తీగ సాగిపోతంటే పనసని తిడతారేటి?"

మేనల్లుడి సంచీలో అల్లిక దారం ఉండ ఒకటి ఉంది. నాచులో రబ్బరు కప్ప విసరడానికి తెచ్చుకున్నది, నైలాన్‌లా సాగదు. అది చుట్టారు. రీలులో దారం చుట్టుకునే స్పూలు నున్నగా ఉంటుంది కాబట్టి అల్లిక దారం దాని మీద జారి గిర్రున తిరుగుతుంది. అందుకని అడుగున నాలుగు చుట్లు ఆ పాత నైలానే ఉంచి, దానికి ముడేశారు. మళ్లీ సందు చివరికి నడిచాడు పెద్దాయన. మీటాడు. "ఊఁ." మీటాడు. "ఊఁ." అప్పుడు ఒక అడుగు ముందుకి వేసి దారం కొంచెం వదులయ్యేలా చేసి మీటాడు. ఏమీ లేదు. వెనక్కి జరిగి మీటాడు. "ఊఁ."

"సూసేవా? వదులుంటే వజ్రాల తీగైనా మూగదే."

ఇంకొకటి కూడా సరిచేశాడు. మేనల్లుడు రెండు చేతులతో కర్రని రోకలి పట్టినట్టు పట్టుకుంటున్నాడు. ఎడమ అరచేతిలో రీలు ఒదిగేలా పట్టించి, చూపుడువేలు రీలు ముందు దారం మీద తేలిగ్గా ఆనించమన్నాడు. ఆ వేలు అక్కడికి ఎందుకు పోవాలో వీణకి మేళం కట్టేవాడికి ఒకరు చెప్పాలా?

సాయంత్రం అదే తూము, అదే రబ్బరు పురుగు. పురుగు మట్టి మీద ఈడ్చుకుంటూ రావడం వేలికి తెలుస్తోంది. ఇక్కడ గులకరాయి, ఇక్కడ బురద, ఇక్కడ ఏదో కొమ్మ. ఉన్నట్టుండి ఒక చిన్న "టక్". మేనల్లుడు వదులు చుట్టి గుంజాడు. మూరెడు కొర్రమీను గట్టెక్కింది.

లేక్ ఫోర్క్‌లో పదహారు అంగుళాల నుంచి ఇరవై నాలుగు అంగుళాల దాకా ఉన్న బాస్‌ని పట్టినా నీళ్లలో వదిలెయ్యాలని రూలు. ఆ అలవాటు కొద్దీ మేనల్లుడి చేతులు దాన్ని మళ్లీ నీళ్ల వైపు తీసుకెళ్లాయి. "వదిలీడానికేటి పట్టింది?" అని పెద్దాయన బుట్ట ముందుకి తోశాడు. మూరకి అంగుళాలెన్నని అత్త అడగలేదు. పులుసు పెట్టింది.

నీతి: వార్త అందలేదని వార్త తెచ్చేవాణ్ని మార్చేముందు, అది దారిలో ఎక్కడ ఆగిపోతోందో వెతకాలి.

ఈ నీతి విని కర్ర ఏదైనా ఒకటేనని అనుకునేవాళ్లూ ఉంటారు. పెద్దాయన ఆ మాట అనలేదు. కర్రని మీటి చూసి బాగుందన్న తరవాతే దారం మీద పడ్డాడు. చేప నోటి నుంచి చేతి దాకా ఒక దారి ఉంది: కొక్కెం, ముడి, దారం, రింగులు, కర్ర, పిడి. కార్బన్ తన బరువుకి చాలా బిగువైన సరుకు. అందుకే అదురుని తనలో ఇముడ్చుకోకుండా ముందుకి పంపుతుంది. 1960ల్లో ఇంగ్లండులో విమానాల కోసం రూపుదిద్దుకున్న ఆ పీచు 1973లో అమెరికాలో ఫెన్విక్ కంపెనీ చేతుల్లో గాలపు కర్ర అయింది. అంతకు ముందు గాజుపీచు, దానికి ముందు చీల్చి అతికిన వెదురూ, ఉక్కూ. ఆ వెదురూ ఉక్కూ కర్రల కాలంలోనే, 1932 జూన్ 2న, జార్జియాలో జార్జ్ పెర్రీ అనే కుర్రాడు పది కిలోల బాస్ పట్టాడు. అతనికీ స్నేహితుడికీ కలిపి ఉన్నది ఒకే కర్ర, వంతులవారీగా విసురుకున్నారు. ఆ చేపని ఇంటిల్లిపాదీ వండుకు తినేశారు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దాదాపు అంతే బరువున్నది పట్టి రికార్డు సమం చేశాడు గానీ, దాటలేదు. ఇది విని వెంటనే కార్బన్ కర్ర అమ్మెయ్యనక్కర్లేదు. పెర్రీకి పడింది ఒక్క చేప, ఒక్క రోజు. ఎర్రనీళ్లలో, అడుగున, కంటికి కనపడని చోట రోజూ వేటాడేవాడికి కార్బన్ నిజంగానే అక్కరకొస్తుంది.

కొనేవాడు అంగట్లో రెండు మాటలు వింటాడు. పవర్ అంటే కర్రని వంచడానికి ఎంత బలం కావాలన్నది, యాక్షన్ అంటే అది ఎక్కడ వంగుతుందన్నది. ఈ రెంటినీ కలగలిపేసే అంగడివాళ్లే ఎక్కువ. రబ్బరు పురుగుకి ఏడడుగుల దగ్గర, మీడియం హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్ సరిపోతుంది: కొస మాత్రం వంగాలి, నడుము గట్టిగా నిలవాలి. రీలు తనంతట తాను పెద్దగా ఏమీ వినిపించదు. బరువైతే మాత్రం మధ్యాహ్నానికి మణికట్టు మొద్దుబారుతుంది, ఆ తరవాత ఏ కర్రయినా దండగే. దాని అసలు పని వదులు లాగడం. కాస్టింగ్ రీలుకి ఆదిపురుషుడు జార్జ్ స్నైడర్ అని కెంటకీలో గడియారాలు చేసుకునేవాడు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో, పిడి ఒక చుట్టు తిరిగితే స్పూలు అనేక చుట్లు తిరిగేలా పళ్లచక్రాలు పెట్టాడు. ఇప్పుడు ఏడుకి ఒకటి నిష్పత్తి మామూలయింది; పురుగు వేటకి ఆ వేగం పనికొస్తుంది. కొత్తవాడు విసరగానే స్పూలు దారం కంటే ముందు పరిగెత్తి చిక్కుపడుతుంది. పక్కనున్న మర బిగించి, ఎర తనంతట తాను మెల్లగా దిగి నేలకి తగలగానే స్పూలు ఆగేలా సరిచూసుకుని, ఆపైన బొటనవేలిని నమ్ముకోవాలి.

బాగా బిగువైన కార్బన్‌కి ఒక శాపం ఉంది. తలుపు సందులో చిన్న దెబ్బ తగిలినా కంటికి కనపడని బీట పడుతుంది. అది బయటపడేది చేపని గుంజినప్పుడే. రెండోది ప్రాణం సంగతి: కార్బన్‌లో కరెంటు పారుతుంది. గట్ల మీదుగా వేలాడే తీగల కింద ఏడడుగుల కర్ర ఎత్తడం, ఉరుము వినపడ్డాక కూడా పొలాల మధ్య చెరువులో విసురుతూ నిలబడడం కూడని పనులు. మా వైపు పిడుగుకి పోయినవాళ్లు తక్కువేమీ కాదు.

ఇక నీతికి ఒక చోట చుక్కెదురు. కొర్రమీనుకి తామరాకుల మీద రబ్బరు కప్ప విసిరినప్పుడు వార్త ముందే అందుతుంది. నీళ్లు భళ్లున పగులుతాయి, అల్లిక దారం ఆ దెబ్బని భుజం దాకా మోసుకొస్తుంది. సున్నితమైన కర్రకి అలవాటుపడ్డ చెయ్యి ఆ క్షణమే గుంజుతుంది. కప్ప ఖాళీగా ఎగిరొచ్చి మొహాన పడుతుంది. చేప దాన్ని ఇంకా నోట సరిగ్గా మూసుకోలేదు మరి. అక్కడ కర్ర కొస కొంచెం దించి, కప్ప మాయమై దారం బరువెక్కేదాకా ఓర్చుకోవాలి. బతికున్న కప్పని గుచ్చి వేసే ముసలాళ్లు వెదురుకర్రతోనే ఆ ఆగడం ఆగుతారు. ఎర్రటి పిల్లల గుంపు నీటిమట్టాన కదులుతుంటే మాత్రం అక్కడ కప్ప వెయ్యరు. కింద కాపలా ఉన్నది తల్లీ తండ్రీ.