చంకలో కవలలు, చేతిలో పాస్‌పోర్టు

పది నెలల కవలపిల్లల్ని చంకనేసుకుని సింగపూరు షికారు వెళ్ళటం తప్పా, ఒప్పా? నవ్వకండి. మా అక్క కూతురింట్లో నెలరోజులుగా ఈ ప్రశ్నమీదే భారతయుద్ధం నడుస్తోంది. హైదరాబాదు నుంచి నాలుగున్నర గంటల ప్రయాణం, వారం రోజుల సెలవు. అల్లుడికి అభ్యంతరం లేదు. (అభ్యంతరం లేకపోవటానికీ, పిల్లల్ని ఎత్తుకోవటానికీ చాలా దూరం వుందనుకోండి.) అభ్యంతరమల్లా అత్తగారిది. "ఆ పసిగుడ్లకి ఏం తెలుస్తుందని, ఏం గుర్తుంటుందని? వాళ్ళనంత బాధపెట్టి నువ్వు చూడబోయే వింతేమిటమ్మా?" అందావిడ.

ఆవిడ మాట తేలిగ్గా కొట్టిపారెయ్యటానికి వీల్లేదు. బాధ వుంది మరి. విమానం ఎంత ఎత్తున ఎగిరినా, లోపల గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండమీద వున్నట్టుంటుంది. ఇంచుమించు ఊటీలో కూచున్నట్టే. అక్కణ్ణుంచి కాస్సేపట్లో నేలకి దిగిపోతాం. చెవులు దిబ్బడేస్తే మనం ఆవులిస్తాం, గుటక మింగుతాం. పసివాళ్ళ చెవికీ గొంతుకీ మధ్యనుండే గొట్టం పొట్టిది, సన్నంది. గుటక మింగితే నొప్పి తగ్గుతుందని వాళ్ళకెవరు చెప్తారు? సమయానికి పాలసీసా నోటికందిస్తే సరి. లేకపోతే ఇక ఏడుపే.

పైగా ఒకరు కాదు, ఇద్దరు! రెండేళ్ళలోపు పిల్లలకి విడిగా సీటు కొననక్కర్లేదు. చాలా విమానాల్లో పెద్దవాళ్ళ టిక్కెట్టులో పదోవంతు పుచ్చుకుని ఒళ్ళో కూచోబెట్టుకోనిస్తారు. అయితే ఒక ఒడికి ఒక్క బిడ్డే. అంతటితో అయిందా? పక్కపక్కనున్న సీట్ల వరసకి సాధారణంగా ఒక్క ఆక్సిజన్ మాస్కే అదనంగా వుంటుంది. అంచేత ఒళ్ళోపిల్లల్ని ఇద్దర్ని ఒకే వరసలో కూచోనివ్వరు. తల్లి ఒకచోట, తండ్రి నడవ అవతలో, వెనక వరసలోనో. ఈ నిబంధన మాత్రం నాకు తెగ నచ్చింది సుమండీ! ఇంట్లో "నా దగ్గర వూరుకోవటం లేదు, నువ్వు చూడు" అని బిడ్డని భార్య ఒళ్ళో పడేసే మగవాడు, అక్కడ తన వంతు తను మోసి తీరాలి.

సరే, అసలు విషయానికొద్దాం. "నా సరదాకోసం వాళ్ళని ఏడిపించే హక్కు నాకుందా పిన్నీ?" అని అడిగింది అమ్మాయి.

ఏడాది నిండకుండానే పిల్లకి చెవులు కుట్టిస్తాం. బంగారుతీగ దిగుతుంటే అది గుక్కపట్టి ఏడుస్తుంది. చుట్టూ చేరి ఫొటోలు తీసుకుంటాం, కుట్టినాయనకి తాంబూలం ఇచ్చి పంపిస్తాం. తిరుమల కొండమీద గుండు చేయిస్తుంటే, మెడ విరిచేసుకుని ఏడ్చే పిల్లాణ్ణి మేనమామ గట్టిగా పట్టుకుంటాడు. ఆ పసివాడికి ఏం తెలుసు, ఏం గుర్తుంటుంది అని అక్కడ ఎవరూ అడగరేం? అంతెందుకు, డల్లాస్‌లో వున్న మనవణ్ణి అన్నప్రాశనకి ఇక్కడికి తీసుకురమ్మని ఫోన్లమీద ఫోన్లు చేసే బామ్మలు ఎంతమంది లేరు! ఇరవై గంటల పైచిలుకు ప్రయాణం, మధ్యలో విమానం మారటం. అప్పుడు చెవులు నొప్పెట్టవా?

అంటే లెక్క బిడ్డ బాధది కాదన్నమాట. అదే బాధ మొక్కుకోసమైతే చెల్లుతుంది, పెళ్ళికోసమైతే చెల్లుతుంది, పెద్దవాళ్ళ ముచ్చటకోసమైతే నిక్షేపంగా చెల్లుతుంది. తల్లి సముద్రం చూస్తానంటే చెల్లదు. పది నెలలుగా వరసగా రెండు గంటలు నిద్రపోని మనిషి అది. ఒకడు పడుకుంటే రెండోవాడు లేస్తాడు. ఆ పిల్ల మొహం వారం రోజులు కాస్త తేటపడితే దాని ఫలం బిడ్డలకి అందదా? వాళ్ళకి గుర్తుండదు, నిజమే. మనం పాడే జోలపాటలూ గుర్తుండవు. పాడటం మానేశామా?

ఇలా అన్నానేగాని, ఈ వాదన నాకే పూర్తిగా మింగుడుపడటం లేదు. తల్లి సంతోషిస్తే పిల్లలకి మంచిది కాబట్టి ఆమెని వెళ్ళనివ్వండి – అంటే, ఆమె సరదాని మళ్ళీ పిల్లల ఖాతాలోనే జమకట్టినట్టు కాదూ? డాక్టరు ఫరవాలేదన్నాడు, పిల్లలకి హాని లేదు, ఆమెకి వెళ్ళాలనుంది. ఇంతవరకూ చాలదా?

ఇక తోటి ప్రయాణీకులు. 2012లో ఒక అమెరికన్ జంట 14 వారాల కవలలతో శాన్‌ఫ్రాన్సిస్కోనుంచి వాషింగ్టన్ వెళ్తూ, చుట్టుపక్కలవాళ్ళకి మిఠాయిల పొట్లాలు పంచారు, క్షమించమంటూ ఓ చీటీ పెట్టి. 2019లో సియోల్‌నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో విమానంలో ఒక తల్లి, నాలుగు నెలల బిడ్డ తరఫున 200కి పైగా పొట్లాలు పంచింది. వాటిలో చెవుల్లో పెట్టుకునే బిరడాలు కూడా! లోకమంతా మెచ్చుకుంది. నాకు మాత్రం మనసు చివుక్కుమంది. గురకపెట్టేవాడూ, సీటు వెనక్కి వాల్చి మన మోకాళ్ళు నలగ్గొట్టేవాడూ ఎప్పుడన్నా పొట్లాలు పంచారా?

అయితే, ముందు సీట్లో ఎవరిదో కర్మకి వెళ్తూ, కన్ను మూతపడని పెద్దాయన వుండొచ్చు. ఆయన బాధా బాధే. ఆయనకి తల్లీతండ్రీ బాకీపడ్డది ప్రయత్నం. ఆకలి వెయ్యకముందే పాలు, నడవలో బిడ్డనెత్తుకుని నాలుగు అడుగులు, ఆయనతో ఒక మంచిమాట. బిడ్డ ఏడవడని పూచీ ఎవరు ఇవ్వగలరు? మన రైళ్ళలో ఎదుటి బెర్తు ఆవిడ "ఇలా తే అమ్మా, నువ్వు కాస్త తిను" అని చేతులు చాస్తుంది. విమానంలో అందరూ చూపులు తిప్పుకుంటారు. టిక్కెట్టుతోపాటు నిశ్శబ్దం కూడా కొనుక్కున్నామని కాబోలు.

2019లో జపాన్ ఎయిర్‌లైన్స్‌వాళ్ళు, సీట్లు ఎంచుకునే పటంలో రెండేళ్ళలోపు పిల్లలు ఎక్కడ కూచుంటారో ఓ చిన్న బొమ్మ వేసి చూపించటం మొదలుపెట్టారు. దూరంగా కూచోవచ్చని కొందరు సంబరపడ్డారు. నాబోటివాళ్ళు ఆ బొమ్మ చూసుకుని, దాని పక్క సీటే అడిగి పుచ్చుకోవచ్చు.