పాము ప్రేమించునా?

పెంచినవానిపై పాముకు ప్రేమ కలుగునా యని మా తరగతిలో ఒక బాలుడు అడిగినప్పుడు మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. అనంతపురము జిల్లాలోని మా పల్లెకు, మా చిన్నతనమున, ఒక పాములవాడు ఏటేట వచ్చుచుండెను. బుట్ట మూత తీసి, నాగుపామును మెడకు చుట్టుకొని, "ఇది నా బిడ్డ సామీ, నన్ను జూస్తే బుస గూడా కొట్టదు" అనుచుండెను. మేము నమ్మితిమి. మా అవ్వ చేతులు జోడించి గిన్నెతో పాలు తెచ్చియిచ్చెడిది. పాము ఆత్రముతో త్రాగెడిది.

తరువాత తెలిసినది వేరు. పాలు పామునకు సహజాహారము కాదు. దినముల తరబడి నీరియ్యక ఎండగట్టినచో అది ఏ ద్రవమునైనను త్రాగును. బుస కొట్టకుండుటకు కోరలు పీకుటయు, బెదరి బెదరి అలసిపోవుటయు కారణములు. నాగస్వరమునకు పరవశించునన్న మాటయు నట్టిదే. పామునకు వెలిచెవులు లేవు. తన యెదుట ఊగెడి బుర్రను కనిపెట్టి తానును ఊగును. దానిని మనము నాట్యమని మెచ్చుకొంటిమి.

అట్లని పాము హృదయశూన్యమనుట తొందరపాటు. రాచనాగు ఆకులు ప్రోగుచేసి గూడు కట్టి, గ్రుడ్లకు కావలి యుండును. ఉత్తర అమెరికాలోని గార్టర్ పాములు తోడిపాములలో కొన్నిటిని ఏరుకొని వానితోనే కూడియుండుట 2020లో ప్రకటింపబడిన యొక పరిశోధనమున కనబడినది. నాలుకతో వాసనను అంగిటిలోని యింద్రియమునకు అందించుకొను ఈ ప్రాణి పెంచినవానిని గురుతుపట్టుటయు సంభవమే. కాని గురుతు వేరు, భయము తీరుట వేరు, ప్రేమ వేరు. మూడవదానికి నిదర్శనము మాకింతవరకు కనబడలేదు.

మమ్ము బాధించునది మరియొకటి. నోరులేనిదాని మౌనమును ప్రేమయని చాటువాడు తరచుగా దానివలన బ్రదుకువాడే. మా సీమలో ఆసాములు జీతగాండ్రను గూర్చి "వాడు మా యింటిబిడ్డ" యని చెప్పుకొనుచుండిరి. 1976లో వెట్టిచాకిరి నిషేధచట్టము వచ్చిన పిమ్మట ఆ బిడ్డలలో ఎందరు ఆ యింట నిలువగోరిరో ఆసాములే చెప్పవలయును.

అయినను ఆ పాములవానిని కపటి యనజాలము. తాను పస్తుండియు దానికొరకు కప్పను వెదకి తెచ్చుట మేము చూచితిమి. అతని ప్రేమ నిజమే కావచ్చును. కోరలు పీకినదియు ఆ చేయియే. పామును పట్టి ఆడించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమువలన నేరమైనది, కాని ఆ చట్టము అతనికి వేరొక కూడు చూపలేదు. తమిళనాట ఇరులవారు 1978లో సహకారసంఘము స్థాపించుకొని, అనుమతితో పాములను పట్టి, విరుగుడు మందునకై విషము తీసి, మరల విడుచు పద్ధతి నేర్పరచుకొనిరి. అచట పాము ఎవరినీ ప్రేమింపనక్కరలేదు.

కడపటిసారి అతడు మా పల్లెకు వట్టి బుట్టతో వచ్చెను. చెరువుకట్ట మీద విడిచితినని చెప్పెను. కోరలు మరల మొలచెనా యని అడిగితిమి. మాటాడలేదు. ఆ యేడు చెరువులో నీరు లేదు.