సంఖ్యల మీద కాదు, బండ మీద

ధ్యాన భాగము: కీర్తన 8, హెబ్రీయులకు 2:5-9



ఎనిమిదవ కీర్తనలో దావీదు రాత్రి ఆకాశాన్ని చూశాడు. ఇంత గొప్ప సృష్టిని చేసిన దేవుడు మనిషిని పట్టించుకోవడమేమిటని ఆశ్చర్యపోయాడు. అలాంటి ప్రశ్నే మన కాలంలో భౌతిక శాస్త్రవేత్తల మధ్య ఇంకో రూపంలో లేచింది. దాన్ని ఆంత్రోపిక్ ప్రిన్సిపుల్ అంటారు. మన యూత్ మీటింగుల్లోనూ యూట్యూబ్ ప్రసంగాల్లోనూ దీన్ని చూపించి, సైన్సే దేవుణ్ణి రుజువు చేసిందని కొందరు చెబుతున్నారు. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో, మన విశ్వాసం దేని మీద నిలబడాలో వాక్యపు వెలుగులో ఆలోచిద్దాం.

ఈ సూత్రం ఏం చెబుతుంది?

1973లో పోలండ్‌లోని క్రాకో నగరంలో, కోపర్నికస్ పుట్టి 500 ఏళ్లయిన సందర్భంగా శాస్త్రవేత్తలు సమావేశమయ్యారు. భూమి విశ్వానికి కేంద్రం కాదని చెప్పినవాడు కోపర్నికస్. ఆయన పేరున జరిగిన ఆ సభలోనే బ్రాండన్ కార్టర్ ఒక హెచ్చరిక చేశాడు. మనం కేంద్రంలో లేని మాట నిజమే. అయినా ఎక్కడపడితే అక్కడ, ఎప్పుడుపడితే అప్పుడు కూడా లేము. చూసేవాడు బ్రతకగలిగిన చోటు నుండే, బ్రతకగలిగిన కాలంలోనే విశ్వాన్ని చూడగలడు. లెక్క కట్టేటప్పుడు ఆ సంగతి మరచిపోకూడదు.

మనలో చాలామంది ఐటీ పనిలో ఉన్నారు గనుక ఒక ఉదాహరణ చెబుతాను. నడుస్తున్న సర్వర్ల నుండే లాగ్ వస్తుంది. పడిపోయిన సర్వర్ ఏమీ పంపదు. వచ్చిన లాగ్‌లు మాత్రమే చూసి, సర్వర్లన్నీ బాగున్నాయని మేనేజరుకు చెబితే ఏమవుతుంది? కార్టర్ హెచ్చరిక అలాంటిదే.

ఈ ఆలోచన వల్ల ఒక మేలు కూడా కలిగింది. రాబర్ట్ డికీ 1961లోనే దాన్ని చూపించాడు. మన శరీరానికి కార్బన్ కావాలి. కార్బన్ నక్షత్రాల లోపల తయారవుతుంది. ఒక తరం నక్షత్రాలు పుట్టి, మండి, చనిపోయి, తమలోనిది వెదజల్లితేనే అది మన దాకా వస్తుంది. దానికి వందల కోట్ల ఏళ్లు పడుతుంది. విశ్వం వయస్సు దాదాపు 1380 కోట్ల సంవత్సరాలని శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. అన్ని ఏళ్లుగా వ్యాపిస్తూ వచ్చింది గనుకనే అది అంత విశాలంగా ఉంది. (సృష్టి దినాలను విశ్వాసులు వేర్వేరుగా అర్థం చేసుకుంటారు. ఆ చర్చ నేటి అంశం కాదు.) "ఇంత పెద్ద విశ్వంలో మనం ధూళి రేణువులం, మనకు విలువేముంది?" అని అడిగేవారికి ఇందులో ఒక జవాబు ఉంది. చిన్న విశ్వం, పడుచు విశ్వం అయితే మనలాంటివారికి చోటే ఉండదు. ఆ విశాలత మనల్ని తక్కువ చేసేది కాదు, మనం ఉండడానికి అవసరమైనది.

మంటిలోని కార్బన్

ఆదికాండము 2వ అధ్యాయంలో దేవుడు మనిషిని నేల మంటితో చేశాడు. ఆ మంటిలోని కార్బన్ కథ వినండి. నక్షత్రంలో రెండు హీలియం కేంద్రకాలు కలిస్తే బెరీలియం అవుతుంది. అది రెప్పపాటులో కోట్లవంతు కూడా నిలవదు, విరిగిపోతుంది. అంతలోనే మూడో హీలియం వచ్చి తగిలితే కార్బన్ అవుతుంది. అంత అరుదుగా జరిగే పని వల్ల విశ్వంలో ఇంత కార్బన్ ఎలా వచ్చింది?

1953లో ఫ్రెడ్ హోయిల్ ఈ చిక్కు గురించి ఆలోచించి, కార్బన్ కేంద్రకంలో సరిగ్గా ఒక చోట ఒక శక్తి స్థాయి ఉండి తీరాలని చెప్పాడు. కాలిఫోర్నియాలోని కాల్టెక్ శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూస్తే, దాదాపు 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర అది నిజంగానే ఉంది. హోయిల్ మనలాంటి విశ్వాసి కాడు. అయినా ఒక మహా మేధస్సు ఈ నియమాల మీద చెయ్యి వేసినట్టుందని తర్వాతి కాలంలో రాశాడు.

ఇది వింటే మన నోట "స్తోత్రం" అనే మాట వస్తుంది. రావాలి కూడా. అయితే ప్రియులారా, స్తోత్రం ఒకటి, రుజువు ఒకటి.

ఇక్కడ జాగ్రత్త

ఇదే సూత్రాన్ని దేవుని అవసరం లేకుండానే వాడిన శాస్త్రవేత్తలు ఉన్నారు. స్టీవెన్ వైన్‌బర్గ్ నాస్తికుడు, నోబెల్ గ్రహీత. ఖాళీ ప్రదేశంలోని శక్తి ఒక హద్దు మించితే గాలక్సీలే ఏర్పడవని, గాలక్సీలు లేకపోతే చూసేవాళ్లూ ఉండరని 1987లో లెక్క కట్టాడు. 1998లో సూపర్‌నోవాలను పరిశీలించిన రెండు బృందాలకు అలాంటి శక్తి జాడ కనిపించింది. దాని విలువ ఆ హద్దులోపలే ఉంది. లెక్కలేనన్ని విశ్వాలు ఉండి, ఒక్కోదానిలో ఒక్కో విలువ ఉంటే, మనం బ్రతకగలిగిన దానిలోనే మనం కళ్లు తెరిచాం, ఇందులో ఆశ్చర్యమేముందని కొందరు అంటారు. ఆ ఇతర విశ్వాలను ఇప్పటివరకు ఎవరూ చూడలేదు. అయినా అది కొట్టిపారేయదగిన మాట కాదు.

మరోవైపు తత్వవేత్త జాన్ లెస్లీ ఒక ఉపమానం చెప్పాడు. ఒక ఖైదీని కాల్చడానికి 50 మంది గురిగాళ్లను నిలబెట్టారు. అందరి గురీ తప్పింది. "తప్పకపోతే నేను ఇక్కడ ఉండేవాణ్ణే కాదు" అని ఆ ఖైదీ అనుకోవడం నిజమే. కానీ ఎందుకు తప్పిందో అడగకుండా ఇంటికి వెళ్లిపోతాడా? కాబట్టి అడగడంలో తప్పు లేదు. జవాబు మాత్రం లెక్కలో తేలలేదు.

చరిత్ర కూడా మనకు బుద్ధి చెబుతుంది. గ్రహాల కక్ష్యలు క్రమం తప్పితే దేవుడే అప్పుడప్పుడు సరిచేయాలని న్యూటన్ తలంచాడు. తర్వాత లాప్లాస్ ఆ చలనాలను గురుత్వాకర్షణ లెక్కలతోనే వివరించాడు. దేవునికి పోయిందేమీ లేదు. దేవుణ్ణి ఆ ఖాళీలో కూర్చోబెట్టిన వాదమే పోయింది.

ఇది మన ఇంటి సంగతి. సండే స్కూల్లో పెరిగిన మన పిల్లలు 18 ఏళ్లకు ఇల్లు విడిచి కాలేజీ డార్మ్‌కు వెళతారు. విశ్వంలోని సంఖ్యలే దేవునికి రుజువని మనం నేర్పి పంపితే, మొదటి సెమిస్టరులోనే ఎవరో అనేక విశ్వాల సంగతి చెబుతారు. అప్పుడు వాదం ఒక్కటే కాదు, దానికి వేలాడదీసిన విశ్వాసం కూడా జారిపోవచ్చు. మత్తయి 7వ అధ్యాయంలో ప్రభువు రెండు ఇళ్ల గురించి చెప్పాడు. రెండు ఇళ్లకూ వరద వచ్చింది. తేడా పునాదిలో ఉంది.

బండ ఎక్కడ?

రోమా 1:20లో పౌలు చెప్పినదాన్ని గమనించండి. సృష్టిలో దేవుని శక్తి, ఆయన దైవత్వం తేటపడుతున్నాయంటాడు. సృష్టి అంతవరకు సాక్ష్యమిస్తుంది. నా పాపం క్షమిస్తాడా? నా కన్నీళ్లు ఎరుగునా? ఇది నక్షత్రాలు చెప్పలేవు. 7.65 అనే అంకె చెప్పలేదు.

అందుకే హెబ్రీ పత్రిక రచయిత ఎనిమిదవ కీర్తనను చేతికి తీసుకుని ఒక అద్భుతమైన మలుపు తిప్పాడు. మనిషికి సమస్తమూ లోబడినట్టు ఇంకా మనకు కనిపించడం లేదని నిజాయితీగా ఒప్పుకున్నాడు. తర్వాత మన చూపును యేసు వైపు తిప్పాడు. అందరి కోసం మరణాన్ని రుచి చూసి, మహిమా కిరీటం పొందిన ఆయన మనకు కనిపిస్తున్నాడు. మనిషి విలువ ఎంత అన్న దావీదు ప్రశ్నకు వాక్యమిచ్చే జవాబు సిలువ. నక్షత్రాల్లో కార్బన్‌ను వండినవాడే కార్బన్ శరీరం ధరించి, దానిలో మేకులు దిగగొట్టించుకున్నాడు.

ఈ దేశంలో మనలో కొందరి బ్రతుకు ఒక కేసు నంబరు, గ్రీన్‌కార్డు క్యూలో ఒక తేదీ. లేఆఫ్ వస్తే 60 రోజుల లెక్క. "నేనెంతటివాణ్ణి, నన్నెవరు గుర్తుపెట్టుకుంటారు?" అని రాత్రిపూట అనిపించిన సహోదరుడా, సహోదరీ, ఆ ప్రశ్న దావీదు నీకంటే ముందే అడిగాడు. నీ విలువను ఏ ఆఫీసూ నిర్ణయించదు. విశ్వం కొలతలూ నిర్ణయించవు. నీ కోసం చెల్లించిన వెల నిర్ణయిస్తుంది.

తల్లిదండ్రులారా, పిల్లలు సైన్స్ ప్రశ్న అడిగితే గద్దించకండి. తెలిసింది చెప్పండి, తెలియనిది కలిసి చదవండి. యౌవనులారా, ఫిజిక్స్ బాగా చదవండి. జాన్ పోల్కింగ్‌హోర్న్ కేంబ్రిడ్జిలో ఫిజిక్స్ ప్రొఫెసరు పదవి వదిలి, 1982లో పాదిరిగా అభిషేకం పొందాడు. సైన్సునూ విశ్వాసాన్నీ ఆయన జీవితాంతం రెండు చేతులా పట్టుకున్నాడు. సంఖ్యలు చూసి ఆశ్చర్యపడండి, ఆరాధించండి. ఆనుకోవడం మాత్రం క్రీస్తు మీదే.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, ఆకాశాలను చేసిన నీవు మమ్మల్ని జ్ఞాపకం చేసుకున్నందుకు స్తోత్రాలు. నిజాన్ని చూసి భయపడని మనస్సు మాకివ్వు. దూరంగా చదువుకుంటున్న మా బిడ్డల విశ్వాసాన్ని బండ మీద నిలబెట్టు. వీసా కోసం, పని కోసం ఎదురుచూస్తున్నవారిని ఆదరించు. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.