విశ్రాంతి వయస్సు అందరికీ ఒకటేనా?



ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1983లో ఉద్యోగుల పదవీ విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించి, కొంతకాలమునకు మరల 58 చేసినది. 2014లో 60కి, 2022లో 62కు పెంచినది. ఆయుష్షు పెరిగినది గనుక ఇది న్యాయమేనని బల్లయొద్ద పనిచేసిన మాబోటివారము తలంచుచున్నాము.

అయితే తమకలో నివసించు మేము, ఇదే జిల్లాలోని కోలారు బంగారు గనులను మరువగలమా? ఛాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్లకు మించిన లోతున, వేడిలోను రాతిధూళిలోను శ్రమించినవారిలో అనేకుల ఊపిరితిత్తులు ఆ వయస్సు రాకమునుపే చెడిపోయినవి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడగా, బలముండి పనిచేయగోరినవారికి సహితము పని లేకపోయెను.

సంఖ్యాకాండము 8వ అధ్యాయములో లేవీయుల సేవకు 25 మొదలు 50 ఏండ్ల వరకు నియమము కలదు. 50 నిండినవాడు బరువు పని మానవలెను. అయినను తన సహోదరులకు తోడుగా ఉండవచ్చును. దేవుడు వాని భుజముమీది బరువు తీసెను గాని వానిని గుడారమునుండి పంపివేయలేదు.

కాబట్టి వయస్సు పెంచుదమనుటకు ముందు, ఆ అదనపు ఏండ్లు ఎవరి నడుముమీద పడునో అడుగుదము. మన సంఘములలోను పెద్దలమైన మేము బాధ్యతలను యౌవనులకు అప్పగించి, ప్రార్థనలోను ఆలోచన చెప్పుటలోను వారికి తోడైయుండుట మంచిది. ఇది మాకును కష్టమే.